డైవింగ్ రెగ్యులేటర్ (నీళ్ళ కింద సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఊపిరి లాగడానికి బరువుగా ఉంది, పైగా ఈల మోత. ముందు ఏది తిప్పాలి?

ధవళేశ్వరం_దిగువ
సిలిండర్‌కి తగిలేది బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ ఫస్ట్ స్టేజ్. నోట్లో పెట్టుకునేది పక్కన లాగుడు బరువు సరిచేసే నాబ్, పైన గాలి దారి మళ్ళించే వెంచురి లివర్ ఉన్న సెకండ్ స్టేజ్. సర్వీస్ చేయించి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు ఊపిరి లాగే మొదట్లో గట్టిగా అడ్డం పడుతోంది. ఒకసారి తెరుచుకున్నాక గాలి బాగానే వస్తోంది గానీ సన్నటి ఈల. నాబ్ పూర్తిగా బయటకి తిప్పేసినా పెద్ద తేడా లేదు. దానికి తోడు ఆక్టోపస్ (పక్కన వేలాడే అదనపు సెకండ్ స్టేజ్) నుంచి ఆగి ఆగి ఒక్కో బుడగ.

వాడేది ఎక్కువగా బ్యారేజీ దిగువన, వంతెన బావుల (స్తంభాల పునాదుల) దగ్గర, పది మీటర్ల లోపే. అప్పుడప్పుడు కాకినాడ వైపు. గోదావరి నీళ్ళ సంగతి తెలిసిందే కదా, చాపిన చెయ్యి కనపడదు. పైన పంటులు, ఇంజన్ బోట్లు తిరుగుతుంటాయి. నా ఊపిరి చప్పుడు తగ్గితేనే ఆ ఇంజన్ చప్పుడు వినపడేది. ఇంట్లో నేనే చేసుకోగలిగింది ఏంటి, ముట్టుకోకూడనిది ఏంటి?

గౌతమి_గట్టు
ఒకటి చెప్పండి ముందు. లాగేటప్పుడు సిలిండర్ గేజ్ ముల్లు చూశారా? ఊపిరి ఊపిరికీ ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ సగమే తెరిచి ఉండాలి, లేదా ఫస్ట్ స్టేజ్ మూతి దగ్గర ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి. అలాంటప్పుడు సెకండ్ స్టేజ్‌లో ఎంత తిప్పినా దండగ.

మొగ_మనిషి
ఫిల్టర్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీరు లోపలికి పోయింది. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే స్టీల్ సిలిండర్ లోపల తుప్పు. నల్లగా ఉంటే గాలి నింపే కంప్రెసర్ సంగతి చూసుకోవాలి.

ధవళేశ్వరం_దిగువ
ముల్లు కదలడం లేదండి. వాల్వ్ మొత్తం తీసే దిగాను. ఫిల్టర్ అంచున కొంచెం పచ్చ ఉంది, మధ్యలో శుభ్రంగానే ఉంది.

యానాం_రేవు
ఇందులో ఇంత ఆలోచన ఎందుకండీ. ఫస్ట్ స్టేజ్‌లో ఐపీ (హోస్‌లోకి పంపే మధ్య ఒత్తిడి) కొంచెం తగ్గించేయండి, ఆక్టోపస్ బుడగ ఆగిపోద్ది. సెకండ్ స్టేజ్ ఆరిఫిస్ (గాలి వచ్చే రంధ్రం ఉన్న మర) కొంచెం బయటకి తిప్పండి, తేలికైపోద్ది. పావుగంట పని.

గౌతమి_గట్టు
రేవు గారూ, దీంతో ఒప్పుకోలేను. ఆయన చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. రెండింటికీ ఒకేసారి మందు వేస్తే ఏది తగ్గిందో, ఏది దాక్కుందో తెలీదు.

మొదటిది ఆక్టోపస్. బుడగ ఎడతెరిపి లేకుండా వస్తే తప్పు ఆక్టోపస్‌లోనే ఉండొచ్చు. ఆగి ఆగి ఒక్కోటి వస్తోందంటే నేను ముందు అనుమానించేది ఐపీ పాకడం. సిలిండర్‌లో ఉన్న 200 బార్‌ని ఫస్ట్ స్టేజ్ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్ ఎక్కువకి దించి హోస్‌లోకి పంపుతుంది. అదే ఐపీ. మీరు ఊపిరి లాగనప్పుడు హెచ్‌పీ సీటు (సిలిండర్ గాలిని ఆపే భాగం) పూర్తిగా మూసుకోవాలి. సీటు మీద గీత పడితే గాలి సన్నగా కారుతూనే ఉంటుంది, హోస్‌లో ఒత్తిడి పెరుగుతూ పోతుంది. సెకండ్ స్టేజ్‌ల్లో ఏది తేలిగ్గా ఉంటే అది ఓ బుడగ వదిలి ఆ ఒత్తిడి దించేస్తుంది. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ ఓ బుడగ. ఐపీ తగ్గించి ఆ బుడగని ఆపడం అంటే లోపల కారుతున్న సీటుని అలాగే ఉంచి పైకి కనపడకుండా చేయడం. రేపు ఆ సీటు ఇంకాస్త దెబ్బతింటే నీళ్ళ కింద ఒక్కసారిగా ఫ్రీ ఫ్లో, అంటే గాలి ఆగకుండా పోవడం.

రెండోది మెయిన్ సెకండ్ స్టేజ్. మొదట్లో అడ్డం పడి తర్వాత బాగా రావడం అంటే వాల్వ్ తెరుచుకోవడానికి పట్టే బలం పెరిగింది. ఫస్ట్ స్టేజ్ గాలి చాలినంత ఇవ్వకపోతే లక్షణం తిరగబడుతుంది: మొదట తేలిక, ఊపిరి మధ్యలో కొరత. మీ కేసు అది కాదు.

కోరింగ_మడ
గట్టు గారు చెప్పింది ఖాయం చేసుకోవాలంటే ఐపీ గేజ్ కావాలి. బీసీడీ (గాలి నింపే తేలుడు జాకెట్) ఇన్‌ఫ్లేటర్ హోస్‌కి నేరుగా తగిలేది దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. గేజ్ తగిలించేటప్పుడు సెకండ్ స్టేజ్‌లు రెండూ హోస్‌ల మీదే ఉండాలి. సీటు పూర్తిగా పోయి ఒత్తిడి ఎగబాకితే సెకండ్ స్టేజే సేఫ్టీ వాల్వ్‌లా తెరుచుకుని గాలి వదిలేస్తుంది. అది లేకుండా పరీక్ష చేస్తే హోస్ మీదకో గేజ్ మీదకో వస్తుంది.

వాల్వ్ మెల్లగా తెరవండి, గేజ్ అద్దం మొహానికి ఎదురుగా పెట్టుకోకండి. పర్జ్ బటన్ (సెకండ్ స్టేజ్ ముందు గాలి వదిలే బటన్) నాలుగైదు సార్లు నొక్కి వదిలి ముల్లు చూడండి. నొక్కగానే పడాలి, వదలగానే లేచి ఒక చోట టక్కున ఆగాలి. ఆగాక అయిదు నిమిషాలు చూడండి. వెంట్రుకవాసి జరిగితే పర్లేదు. మెల్లగా పైకి పోతూనే ఉంటే అదే పాకడం. నిండు సిలిండర్ మీద ఒకసారి, 50 బార్ దగ్గర ఇంకోసారి చూడండి. బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్‌లో రెండు చోట్లా దాదాపు ఒకటే రావాలి.

లంక_కుర్రోడు
మడ అక్కా, నాది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్. 50 బార్ దగ్గర ఐపీ తగ్గింది. అంటే పాడైనట్టా?

కోరింగ_మడ
కాదు తమ్ముడూ, దాని తీరే అంత. సిలిండర్ ఒత్తిడి తగ్గేకొద్దీ ఐపీ కూడా దిగుతుంది, చివర్లో లాగడం కొంచెం బరువవుతుంది. దానికి భయపడి నిండు సిలిండర్ మీద ఐపీ పెంచి పెట్టకు.

రావులపాలెం_వర్క్‌షాప్
సెకండ్ స్టేజ్ సంగతి నేను చెప్తాను. దిగువ గారూ, గాలి పూర్తిగా వదిలేసి, ముందు మూత విప్పి డయాఫ్రమ్ (రబ్బరు పొర) తీయండి. లోపల సన్నటి బురద పొర కనపడితే ఆశ్చర్యపోకండి. గోదావరి ఒండ్రు ఇసుకలా గరగరలాడదు, పిండిలా ఉంటుంది. పర్జ్ బటన్ రంధ్రాల్లోంచి డయాఫ్రమ్ బయటి వైపుకి, వదిలిన ఊపిరి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర లోపలికి చేరుతుంది. ఎండితే డయాఫ్రమ్ కింద వాల్వ్ తెరిచే లివర్ కాళ్ళ దగ్గర, పాపెట్ (ఆరిఫిస్‌ని మూసే వాల్వ్ కడ్డీ) జారే గొట్టంలో గట్టిపడిపోద్ది. దానికి కాకినాడ ఉప్పు కూడా కలిస్తే పాపెట్ స్ప్రింగ్ బలంతో పాటు ఈ రాపిడిని కూడా దాటాలి. మీకు మొదట్లో పడే అడ్డం అదే అయ్యుంటుంది. రాపిడి వల్ల పాపెట్ సాఫీగా జరగకుండా వణికితే ఈల కూడా వస్తుంది. నాబ్ తిప్పినా తేడా లేదన్నారు కదా, స్ప్రింగ్ ఒక్కటే కారణమైతే తేడా తెలిసేది.

డయాఫ్రమ్ తీసి ఉండగానే లివర్‌ని వేలితో మెల్లగా నొక్కి వదలండి. జిడ్డుగా, ఆలస్యంగా లేస్తే నేను చెప్పింది నిజం. ఠక్కున లేస్తే వేరే చోట వెతకాలి.

యానాం_రేవు
ఒండ్రు సంగతి ఒప్పుకుంటాను. ఐపీ గురించి కూడా, పాకుతుంటే తగ్గించడం తప్పే. కానీ శుభ్రం చేశాక మాత్రం ఎంత తేలిగ్గా వీలైతే అంత తేలిగ్గా పెట్టుకోవాలన్నది నా మాట. ముప్పావు అంగుళం దగ్గర తెరుచుకునేలా పెడితే అసలు నోట్లో రెగ్యులేటర్ ఉన్నట్టే ఉండదు.

లంక_కుర్రోడు
ముప్పావు అంగుళం అంటే? అంగుళాలతో ఊపిరి కొలుస్తారా?

గౌతమి_గట్టు
నీటి మట్టంతో కొలుస్తారు తమ్ముడూ. వాల్వ్ తెరవడానికి నువ్వు నోటితో పుట్టించాల్సిన లాగుడు ఎన్ని అంగుళాల నీటి ఎత్తుకి సమానమో అంత. ఒక అంగుళం అంటే సుమారు రెండున్నర మిల్లీబార్. మామూలుగా 1 నుంచి 1.5 అంగుళాల మధ్య పెడతారు.

కొలవడానికి బకెట్టు, స్టీల్ స్కేలు చాలు. గాలి తెరిచి, వెంచురి మైనస్ మీద పెట్టి, మౌత్‌పీస్ పైకి, పర్జ్ బటన్ కిందకి ఉండేలా సెకండ్ స్టేజ్‌ని నీళ్ళలోకి అంగుళంలో పదో వంతు చొప్పున దించు. డయాఫ్రమ్ మీద నీటి ఒత్తిడి పడి ఒక చోట బుస్సుమంటుంది. అక్కడ ఆపి, నీటి మట్టం నుంచి డయాఫ్రమ్ ఎంత లోతులో ఉందో చూడు. అదే నీ లెక్క. బొటనవేలు మౌత్‌పీస్ మీద సిద్ధంగా ఉంచు. కొన్ని ఒకసారి మొదలైతే ఆగవు, వేలు అడ్డం పెట్టగానే ఆగిపోతాయి.

రేవు గారి ముప్పావు అంగుళం గురించి మాత్రం పేచీ ఉంది. డయాఫ్రమ్ ఒక ఎత్తులో, ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకో ఎత్తులో ఉంటాయి. తల వాల్చిన తీరుని బట్టి ఆ రెండింటి మధ్య ఒత్తిడి తేడా మారుతుంది. వాల్వ్ తెరుచుకునే బలం ఆ తేడా కంటే తక్కువ పెడితే నోట్లో ఉన్నా సరే కొన్ని భంగిమల్లో గాలి దానంతట అదే కారుతుంది. ఎంత తగ్గించవచ్చన్నది ఆ సెకండ్ స్టేజ్ డబ్బా ఆకారం నిర్ణయిస్తుంది.

యానాం_రేవు
సముద్రంలో, నిలకడ నీళ్ళలో నాకు ఆ ఇబ్బంది లేదు.

మొగ_మనిషి
నిలకడ నీళ్ళలో నిజమే రేవు గారూ. ఆయన దిగేది బ్యారేజీ కింద. గేట్లు ఎత్తిన రోజున, ఇంకా ఎర్రనీరు దిగిన జూలై, ఆగస్టుల్లో ప్రవాహానికి ఎదురు తిరిగితే నీళ్ళే పర్జ్ బటన్‌ని, డయాఫ్రమ్‌ని లోపలికి నొక్కుతాయి. ముప్పావు అంగుళం మీద ఉన్నది అక్కడ నిలవదు. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ మీద 2400 లీటర్ల గాలి. పూర్తి ఫ్రీ ఫ్లోలో కొద్ది నిమిషాల్లో ఖాళీ. చూపు లేని నీళ్ళలో, బావి రాళ్ళ మధ్య అది ఆటలు కాదు.

అలాంటి చోట 1.3, 1.4 అంగుళాల మధ్య పెట్టి, ప్రవాహంలోకి తిరిగేటప్పుడు నాబ్ ఓ ముప్పాతిక చుట్టు లోపలికి, వెంచురి మైనస్. గోడ చాటుకి వచ్చాక మళ్ళీ తెరుచుకోవచ్చు. నాబ్ ఇచ్చిందే అందుకు.

కోనసీమ_పడవ
ఎర్రనీటికి ఎదురు తిరిగేది పులస ఒక్కటేనండి. మనుషులు గోడ చాటునే ఉండాలి.

యానాం_రేవు
పడవ గారూ, పులస మాట ఎత్తారు, ఇక రాత్రికి నిద్ర పట్టదు. మొగ గారి మాట ప్రవాహం వరకు సరే. ఏ నీళ్ళకి ఆ సెట్టింగ్ అనుకుందాం.

రావులపాలెం_వర్క్‌షాప్
శుభ్రం చేసే విధానం. పాపెట్, లివర్ విప్పే పని బ్రాండ్ మాన్యువల్ చేతిలో ఉండి, సరైన పనిముట్లు ఉంటేనే. లేకపోతే డయాఫ్రమ్ వరకే ఆగిపోయి, గోరువెచ్చటి మంచినీళ్ళలో నానబెట్టి, బయటకి తీశాక గాలి తెరిచి పర్జ్ చేసి చూడండి. చాలాసార్లు అంతటితోనే సగం తేడా వస్తుంది.

విప్పితే: ఇత్తడి, క్రోమ్ భాగాలు మాత్రమే తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపిన దాంట్లో పది, పదిహేను నిమిషాలు. రబ్బరు, ప్లాస్టిక్, రంగు వేసిన అల్యూమినియం అందులో వేయొద్దు. తీశాక వంటసోడా నీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే క్రోమ్ పెచ్చు లేచిన చోట లోహాన్ని తినేస్తుంది.

లంక_కుర్రోడు
ఇత్తడి బిందె చింతపండుతో తోమినట్టు తోమితే పోదా అన్నా?

రావులపాలెం_వర్క్‌షాప్
వద్దు తమ్ముడూ. చింతపండులో పీచు, నలకలు ఉంటాయి, ఉప్పు కలిపి తోమడం అలవాటు. ఆరిఫిస్ అంచు కత్తిలా సన్నగా ఉంటుంది, దాని మీద ఒక్క గీత పడితే కొత్త సీటు వేసినా కారుతూనే ఉంటుంది. ఆ అంచుని దేనితోనూ రుద్దకూడదు. భూతద్దంలో చూసి, నలక ఉంటే మెత్తటి బ్రష్షుతో తీయాలి, అంతే.

కోరింగ_మడ
కడిగే నీళ్ళ గురించి ఒక మాట. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి శుభ్రమైపోయిందనుకుంటాం, ఎండాక చూస్తే తెల్లటి పొర. చివరి కడుగు మంచినీళ్ళ టిన్నుతో చేయండి, అయిదు లీటర్లు చాలు. నానబెట్టేటప్పుడు ఫస్ట్ స్టేజ్ డస్ట్ క్యాప్ (దాని మూతి మూసే మూత) పొడిగా తుడిచి బిగించండి. గాలి లేకుండా నానుతున్నప్పుడు పర్జ్ బటన్ నొక్కొద్దు. నొక్కితే వాల్వ్ తెరుచుకుని బురద నీరు హోస్ ద్వారా ఫస్ట్ స్టేజ్ దాకా పోతుంది. దిగువ గారి ఫిల్టర్ అంచున పచ్చ కూడా తడి డస్ట్ క్యాప్ వల్ల వచ్చి ఉండొచ్చు.

గ్రీజు ఆక్సిజన్‌కి పనికొచ్చేదే వాడండి, అదీ ఓ-రింగ్ మీద మెరుపు కనపడేంతే. కొబ్బరినూనె, వాజలైన్, బండి గ్రీజు ఏవీ వద్దు. రబ్బరు ఉబ్బుతుంది. ఆక్సిజన్ ఎక్కువున్న గాలి అధిక ఒత్తిడిలో నూనెకి తగిలితే మంట అంటుకోవచ్చు.

కోనసీమ_పడవ
కొబ్బరినూనె వద్దని కోనసీమ వాళ్ళకి చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. చెప్పినందుకు సంతోషం మడ గారూ, ఇక్కడ నిజంగానే రాసేవాళ్ళున్నారు.

రావులపాలెం_వర్క్‌షాప్
తిరిగి బిగించాక సర్దుబాటు. నాబ్ పూర్తిగా బయటకి, వెంచురి మైనస్. హోస్‌కి, సెకండ్ స్టేజ్‌కి మధ్య ఆరిఫిస్ తిప్పే ఇన్‌లైన్ టూల్ పెట్టి గాలి తెరవండి. దాని కొస ఆరిఫిస్ గాడిలో కూర్చుంటుంది. లోపలికి తిప్పితే ఆరిఫిస్ పాపెట్‌ని వెనక్కి నెడుతుంది, లివర్ కిందకి దిగుతుంది, లాగడం బరువవుతుంది. బయటకి తిప్పితే లివర్ లేస్తుంది, తేలికవుతుంది, ఇంకా తిప్పితే కారుతుంది. సన్నగా బుస్సుమనే దాకా బయటకి తీసి, అక్కడి నుంచి ఆ చప్పుడు ఆగే దాకా లోపలికి తిప్పి, ఆపైన చుట్టులో ఎనిమిదో వంతు. తిప్పే ప్రతిసారీ పర్జ్ బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి. లేకపోతే ఆరిఫిస్ అంచు సీటు మీద అదిమి ఉండగానే తిరిగి, సీటుని కోసేస్తుంది. ఇంట్లో సర్దుబాటు చేసుకున్న సీట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

లివర్ తల డయాఫ్రమ్‌కి తగిలీ తగలనట్టు ఉండాలి. పర్జ్ బటన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగాక గాలి రావాలి. ఇంకా కారుతుంటే గాలి ఉండగానే మూత, డయాఫ్రమ్ తీసి చూడండి. తీయగానే ఆగిందంటే లివర్ ఎత్తు ఎక్కువ. తీసినా కారుతుంటే సీటు, ఆరిఫిస్ అంచు, లేదా ఐపీ.

లంక_కుర్రోడు
లివర్‌ని చేత్తో వంచి ఎత్తు సరిచేయొచ్చా?

రావులపాలెం_వర్క్‌షాప్
మాన్యువల్‌లో వంచమని రాసి ఉంటే తప్ప వద్దు. కొన్ని పాత మోడళ్ళలో పాపెట్ చివర లాక్ నట్ ఉంటుంది, దానితో సరిచేస్తారు. మిగిలిన వాటిలో ఆరిఫిస్‌తోనే. వంగిన లివర్‌ని మార్చడమే మంచిది, రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో లేకపోతే పాపెట్ ఒక పక్కకి లాగి మళ్ళీ ఈల.

కాకినాడ_హార్బర్
పైనుంచి హోస్‌తో గాలి వచ్చే హెల్మెట్ వాడేవాళ్ళకి: సూత్రం ఇదే. ముందుగా పైనున్న గాలి ప్యానెల్ మీద లోతుకి తగ్గ ఒత్తిడి పెట్టి, ఆ తర్వాతే హెల్మెట్ మీది డయల్ తిప్పాలి. డయల్ ముందు తిప్పి ప్యానెల్ ఒత్తిడి తర్వాత మారిస్తే మళ్ళీ మొదటికే. పైన ప్యానెల్ మీదున్న మనిషి ఒత్తిడి మార్చినప్పుడు కింద వాళ్ళకి చెప్పాలి.

పాపికొండల_నీడ
లోతు మాట వచ్చింది కాబట్టి. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్, పీల్చే గాలి సాంద్రత పైన ఉన్నదానికి నాలుగింతలు. అక్కడ బరువుగా అనిపించేదంతా రెగ్యులేటర్ తప్పు కాదు, ఊపిరితిత్తుల్లో, గొంతులో కూడా గాలి చిక్కగా కదులుతుంది. సాంద్రత లీటరుకి 5.2 గ్రాములు దాటకుండా చూసుకోమంటారు, మామూలు గాలితో అది 30 మీటర్లు దాటగానే వచ్చేస్తుంది. యూరప్ ఈఎన్ 250 ప్రమాణంలో రెగ్యులేటర్‌ని 50 మీటర్ల ఒత్తిడి దగ్గర, నిమిషానికి 62.5 లీటర్ల గాలి మీద పరీక్షిస్తారు. అందులో నెగ్గినది పది మీటర్ల దగ్గర బరువుగా ఉందంటే, లోపల ఏదో మారింది. దిగువ గారు లోతుని నిందించనక్కర్లేదు.

మొగ_మనిషి
ఇక చప్పుడు. ఊపిరి లాగేటప్పుడు వచ్చేది వేరు, వదిలేటప్పుడు వచ్చేది వేరు.

లాగేటప్పుడు ఈల శుభ్రం చేశాక కూడా మిగిలితే, వెంచురి లివర్‌ని మైనస్ నుంచి ప్లస్‌కి మెల్లగా తిప్పుతూ వినండి. ఒక చోట మాత్రమే ఈల వస్తుంటే లోపల గాలిని మళ్ళించే రెక్క వంగిందనో, సరిగ్గా కూర్చోలేదనో అర్థం. వెంచురి పని వాల్వ్ తెరుచుకున్నాక గాలిని మౌత్‌పీస్ వైపు దూకించి డయాఫ్రమ్‌ని కిందే పట్టి ఉంచడం. తెరుచుకోవడానికి పట్టే బలాన్ని అది తగ్గించదు, అందుకే మొదటి అడ్డానికి వెంచురితో పనిలేదు. నాబ్ పూర్తిగా బయట ఉన్నప్పుడు గుర్రుమంటే పావు చుట్టు లోపలికి తిప్పి చూడండి, పాపెట్ వణుకు ఆగుతుంది.

వదిలేటప్పుడు బుడగల మోత. గడ్డం కింద ఉండే ఎగ్జాస్ట్ టీ వెడల్పుగా ఉంటే బుడగలు చెవులకి దూరంగా పోతాయి. చిన్నదైతే మొహం ముందే లేస్తాయి. టీ మార్చుకోగలిగే మోడల్ అయితే ఇది తేలికైన మార్పు.

గౌతమి_గట్టు
దానికి తోడు పీల్చే తీరు. గట్టిగా, గబగబా లాగితే గాలి సుడులు తిరుగుతుంది, లాగడానికి పట్టే శ్రమ వేగం కంటే ఎక్కువగా పెరుగుతుంది, మోత కూడా. నాలుగైదు సెకండ్లు తీసుకుని లాగి, అంతకంటే కొంచెం ఎక్కువసేపు వదలండి. చప్పుడు తగ్గించాలని ఊపిరి బిగబట్టడం మాత్రం చేయొద్దు. బిగబట్టి ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా ఊపిరితిత్తులకి ప్రమాదం.

దిగువ గారూ, ఇంజన్ చప్పుడు గురించి ఒకటి గుర్తుంచుకోండి. నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగింతలు పైనే. రెండు చెవులకీ దాదాపు ఒకేసారి అందడంతో బోటు ఉందని తెలుస్తుంది గానీ ఎటు ఉందో తెలీదు. రెగ్యులేటర్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా పైన తాడు పట్టుకున్న మనిషి, డైవర్ జెండా ఉండాల్సిందే.

ధవళేశ్వరం_దిగువ
అందరికీ కృతజ్ఞతలు. ఐపీ గేజ్ పెట్టి చూశాను. 9.4 బార్ దగ్గర ఆగి, అయిదు నిమిషాల్లో 10.8కి చేరింది. గట్టు గారు చెప్పినట్టు పాకుతోంది. సెకండ్ స్టేజ్ లోపల వర్క్‌షాప్ గారి పిండి బురద అచ్చంగా అలాగే ఉంది, లివర్ కాళ్ళ కింద బూడిదరంగు అట్ట కట్టింది. నొక్కి వదిలితే లివర్ మెల్లగా లేస్తోంది. బకెట్ పరీక్షలో రెండుంపావు అంగుళాల దగ్గర తెరుచుకుంది. ఫస్ట్ స్టేజ్ నేను విప్పను, సర్వీస్‌కి పంపిస్తున్నాను. సెకండ్ స్టేజ్ నేనే చేస్తాను.

కోరింగ_మడ
మంచి నిర్ణయం. సర్వీస్‌కి పంపేటప్పుడు హెచ్‌పీ సీటు పాకుతోందని, ఈ రెండు అంకెలతో సహా కాగితం మీద రాసి పెట్టండి. ఆక్టోపస్ కూడా పంపండి, దాని సీటు కూడా ఎలా ఉందో చూస్తారు. మధ్యలో ఈ రెగ్యులేటర్‌తో దిగకండి.

యానాం_రేవు
ఐపీ సరైన అంకెకి వచ్చాకే సెకండ్ స్టేజ్ చివరి సర్దుబాటు చేయండి. 10.8 మీద సరిచేసినది 9.4 మీద వేరేగా ఉంటుంది. ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

గౌతమి_గట్టు
రేవు గారి మాట నూటికి నూరుపాళ్ళు.

లంక_కుర్రోడు
ఆక్టోపస్‌ని కూడా మెయిన్ అంత తేలిగ్గా పెట్టుకోవచ్చా అన్నా?

మొగ_మనిషి
కొంచెం బరువుగానే పెట్టు, 1.6, 1.8 అంగుళాల మధ్య. అది నోట్లో ఉండదు, పక్కన వేలాడుతుంది, మౌత్‌పీస్ పైకి తిరిగిందంటే తేలికది వెంటనే కారడం మొదలెడుతుంది. వెంచురి ఎప్పుడూ మైనస్. అయితే మరీ బరువు చేయకు, దాన్ని అందుకునేవాడు అప్పటికే కంగారులో, గబగబా ఊపిరి లాగుతూ ఉంటాడు.

ధవళేశ్వరం_దిగువ
ఫస్ట్ స్టేజ్, ఆక్టోపస్ తిరిగొచ్చాయి. ఐపీ 9.5 దగ్గర ఆగి కదలడం లేదు, 50 బార్ దగ్గర కూడా అంతే. మెయిన్ శుభ్రం చేసి, పర్జ్ నొక్కి పట్టుకుని ఆరిఫిస్ సర్ది, బకెట్‌లో చూస్తే 1.3. నాబ్ ఇప్పుడు తిప్పితే తేడా తెలుస్తోంది. ఈల లేదు. కానీ ఇంకోటి: లాగుతుంటే సన్నగా నీటి తుంపర నోట్లోకి వస్తోంది.

రావులపాలెం_వర్క్‌షాప్
ఎగ్జాస్ట్ వాల్వ్ కింద నలక, లేదా డయాఫ్రమ్ అంచు గాడిలో సరిగ్గా కూర్చోలేదు, లేదా మౌత్‌పీస్ టై దగ్గర చీలిక. సిలిండర్‌కి తగిలించకుండా, డస్ట్ క్యాప్ బిగించి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని మెల్లగా లాగండి. ఏమీ రాకూడదు, నాలుక అడ్డం పెడితే ఆ లాగుడు అలాగే నిలవాలి. నిలవకపోతే ఎగ్జాస్ట్ టీ తీసి, పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఆ పల్చటి సిలికాన్ రెక్కని ఎత్తి కింద తుడవండి. గోరు తగలనివ్వొద్దు, చిరుగుతుంది. అంచు మడత పడి ఉంటే కొత్తది వేయండి.

ధవళేశ్వరం_దిగువ
రెక్క కింద ఒక ఇసుక రేణువు. తీశాక లాగుడు నిలబడుతోంది.

కోరింగ_మడ
కొత్త సీట్లు మొదట్లో కొంచెం అదుముకుంటాయి, కాబట్టి కొన్నిసార్లు దిగాక ఐపీ, బకెట్ లెక్క మళ్ళీ చూడండి. 1.3 కాస్తా 1.1కి వచ్చి ఉంటే ఆరిఫిస్ ఓ పిసరు లోపలికి. భద్రపరిచేటప్పుడు నాబ్ బయటకి తిప్పి పెట్టండి, సీటు మీద అదుము తగ్గుతుంది. మొదటిసారి దిగేది నడుము లోతు నిలకడ నీళ్ళలో, పక్కన ఇంకో గాలి ఆధారం ఉంచుకుని. తల కిందకి వాల్చి, వెల్లకిలా తిరిగి, రెండు పక్కలకీ ఒరిగి చూడండి. ఎక్కడైనా కారితే అక్కడే తెలుస్తుంది.